చక్రం చక్కగా ఉందా? కొలిచి చూద్దాం



మన సంఘాల్లో ఇప్పుడు కార్లు పెరిగాయి. కొన్ని సొంత అవసరానికి, కొన్ని కిరాయికి. చాలావరకు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవే. పెళ్లికి వెళ్లినా, ఆసుపత్రికి పరుగెత్తినా, సమాధి కార్యక్రమానికి నలుగురు కలిసి బయలుదేరినా ఆ బండ్లలోనే కూర్చుంటున్నాం. అందుకే ఈ వారం చక్రాల గురించి రాస్తున్నాం. వీల్ అలైన్‌మెంట్ అంటే టౌన్‌లో ఉండేవాళ్ల ముచ్చట అని చాలామంది అనుకుంటారు. గుంతల్లో, కంకర మీద, కాలువ గట్ల మీద తిరిగే మనకే అది ఎక్కువ అవసరమని మా అభిప్రాయం. పైగా అది చేశారో లేదో మాట మీద కాక కొలత చూసి నమ్మాలని మా మనవి.

ముందు సంగతి ఏమిటో చూద్దాం. మన చెప్పులు చూడండి. కొందరికి మడమ బయటి అంచు అరుగుతుంది, కొందరికి లోపలి అంచు. తోలులో లోపం లేదు, అడుగు పడే తీరులో ఉంది. కారు చక్రాలకూ అంతే. పై నుంచి చూసినప్పుడు ముందు చక్రాలు రెండూ లోపలికి గాని బయటికి గాని తిరిగి ఉండే కొలతను టో అంటారు. ఎదురుగా నిలబడి చూసినప్పుడు చక్రం పైభాగం లోపలికో బయటికో వాలి ఉండే కొలత క్యాంబర్. పక్క నుంచి చూస్తే స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కొలత క్యాస్టర్. తిప్పిన స్టీరింగ్ మళ్లీ తనంతట తాను నేరుగా రావడానికి క్యాస్టర్ తోడ్పడుతుంది. ఈ మూడూ ఎంత ఉండాలో ప్రతి మోడల్‌కూ కంపెనీ నిర్ణయిస్తుంది.

వీటిలో టైర్‌ను త్వరగా తినేది టో. ఒక చక్రం వెళ్లే దారికి అర డిగ్రీ పక్కకు తిరిగి ఉందనుకోండి. కంటికి అది కనబడదు. కానీ లెక్క వేస్తే, బండి 1 కిలోమీటరు నడిచేసరికి ఆ టైర్ సుమారు 9 మీటర్లు అడ్డంగా రుద్దుకున్నట్టు. 1,000 కిలోమీటర్లకు 9 కిలోమీటర్లు! తిరగాల్సిన టైర్‌ను రోడ్డు మీద పెట్టి అంత దూరం ఈడ్చితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

"అయ్యగారూ, మా బండి నేరుగానే పోతోంది, స్టీరింగ్ పక్కకు లాగడం లేదు, ఇంకెందుకు ఖర్చు?" అని సహోదరులు అడుగుతుంటారు. ఇక్కడే జాగ్రత్తగా గ్రహించాలి. రెండు ముందు చక్రాలూ సమానంగా లోపలికి తిరిగి ఉంటే, ఒకటి ఇటు నెడుతుంది, ఇంకొకటి అటు నెడుతుంది. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, బండి నేరుగానే పోతుంది. చేతికి ఏమీ తెలియదు. కానీ టైర్ మాత్రం లోలోపల అరిగిపోతూనే ఉంటుంది. కాబట్టి చేతులు స్టీరింగ్ మీద ఉన్నంత మాత్రాన నిజం తెలిసినట్టు కాదు.

మరి ఎలా తెలుస్తుంది? టైర్ దగ్గర కూర్చుని అరచేతిని అడ్డంగా మెల్లగా నిమరండి. ఒకవైపు నునుపుగా, తిరిగి వచ్చేటప్పుడు రంపపు పళ్లలా గరుకుగా తగిలితే టో తప్పిందని అనుమానించాలి. ఒక్క అంచే అరిగితే టో గాని క్యాంబర్ గాని కారణం కావచ్చు. లోపలి అంచు నిలబడి చూస్తే కనబడదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి, వంగి చూడాలి. రెండు అంచులూ అరిగి నడుమ బాగుంటే గాలి తక్కువతో నడిపినట్టు. నడుమ అరిగితే గాలి ఎక్కువైనట్టు. వీటికి అలైన్‌మెంట్ మందు కాదు. స్పీడ్ పెరిగినప్పుడు స్టీరింగ్ వణికితే చాలాసార్లు అది బ్యాలెన్సింగ్ సంగతి. అది వేరే పని, దాని ధర వేరు. రెండూ ఒకటేనని అనుకుని ఒకటి చేయించి ఇంకొకటి బాగుపడలేదని బాధపడేవారున్నారు.

పాత మేస్త్రీలు నూలుదారం కట్టి టో కొలిచేవారు. దాన్ని చిన్నచూపు చూడనక్కరలేదు, అదీ కొలతే. తాపీ మేస్త్రి ఎంత అనుభవజ్ఞుడైనా గోడకు మట్టపు గుండు వేలాడదీస్తాడు గదా. ఆమోసు గ్రంథం 7వ అధ్యాయంలో ప్రవక్త చూసిన దర్శనంలోనూ గోడ దగ్గర మట్టపు గుండే ఉంది. గోడ వంకర గోడకు తెలియదు, పక్కన నిలబడి చూసేవాడికీ ఒక్కోసారి తెలియదు. గుండు వేలాడదీస్తే తేలిపోతుంది.

ఇప్పుడు షాపులో ఏం జరగాలో చూడండి. కొలతకు ముందు నాలుగు టైర్లలో గాలి సరిచూడాలి. డిక్కీలోని బరువు దించాలి. మన పరిచర్య బండ్లలో ఆంప్లిఫయర్, సౌండ్ బాక్సులు ఎప్పుడూ ఉంటాయి, వాటిని ఇంటి దగ్గరే దించి వెళ్లండి. తర్వాత బండిని లేపి టై రాడ్ చివరలు, బాల్ జాయింట్లు, బుష్‌లు లూజుగా ఉన్నాయేమో ఊపి చూడాలి. ఇది అన్నిటికంటే ముఖ్యం. జాయింట్ లూజుగా ఉంటే ఈరోజు సరిచేసిన కొలత మొదటి గుంతలోనే పోతుంది. అరిగిన భాగం మార్చకుండా అలైన్‌మెంట్ చేయించడం చిల్లు కుండలో నీళ్లు పోయడమే.

తర్వాత చక్రాలకు క్లాంపులు బిగించి, మీ బండి మోడల్‌ను మెషిన్‌లో ఎంచుకుని కొలుస్తారు. స్టీరింగ్‌ను నేరుగా కట్టిపెట్టి, టై రాడ్‌ల లాక్ నట్లు వదులు చేసి, టో సరిచేసి, మళ్లీ బిగిస్తారు. కొన్నిచోట్ల వంకరగా ఉన్న స్టీరింగ్ వీల్‌ను ఊడదీసి నేరుగా పెట్టి పంపేస్తుంటారు. అలా చేస్తే వీల్ చూడ్డానికి నేరుగా ఉంటుంది, చక్రాలు మాత్రం ఉన్నట్టే ఉంటాయి. అందుకే పనికి ముందు కొలత, పని తర్వాత కొలత రెండూ ఉన్న ప్రింటు అడగండి. మర్యాదగా అడిగితే నిజాయితీగల పనివాడు నొచ్చుకోడు. అతని పనికి అదే సాక్ష్యం. మన దగ్గర తిరిగే చాలా చిన్న కార్లలో వెనుక చక్రాలకు సర్దుబాటు ఉండదు, ముందు క్యాంబర్‌కు కూడా చాలావాటిలో ఉండదు. అక్కడ ఎర్ర అంకె మిగిలితే ఏదైనా వంగిందా, అరిగిందా అని అడగాలి.

నెలనెలా చేయించమని మేము చెప్పడం లేదు. బండి పుస్తకంలో రాసిన కిలోమీటర్లకు చూపించండి. పెద్ద గుంతలో గట్టిగా పడినా, సస్పెన్షన్ గాని స్టీరింగ్ గాని విప్పినా, కొత్త టైర్లు వేసినా, టైర్ వంకరగా అరుగుతున్నా ఆలస్యం చేయవద్దు. అలైన్‌మెంట్‌కు వందల్లో పోతుంది, టైర్లకు వేలల్లో పోతుంది. అరిగిన టైర్ వానలో తడి రోడ్డు మీద పట్టు వదిలిన రోజున పోయేది రూపాయల్లో లెక్కకు రాదు. టైర్ గాడుల్లో 1.6 మిల్లీమీటర్ల ఎత్తున చిన్న గడ్డలుంటాయి. టైర్ అరిగి వాటితో సమమైతే ఇక దాన్ని నమ్మకూడదు.

చివరిగా సంఘ పెద్దలకు ఒక మాట. కూటాలకు బండి మాట్లాడేటప్పుడు కిరాయి ఎంత అని బేరమాడుతున్నాం, టైర్లు ఎలా ఉన్నాయో చూడటం లేదు. ఆ బండి నడిపేది మన సహోదరుడే. వంద తగ్గించమని అతన్ని పిండితే, ఆ వంద అతడు ఎక్కడ మిగుల్చుకుంటాడు? అలైన్‌మెంట్ దగ్గరే. మన పిల్లలనూ ముసలివాళ్లనూ ఎక్కించి పంపేది ఆ టైర్ల మీదే. న్యాయమైన కిరాయి ఇద్దాం, అడిగి చూసే హక్కు అప్పుడు మనకు ఉంటుంది. సంఘానికి సొంత వాహనం ఉంటే డీజిల్ ఖర్చు పక్కనే దీనికీ ఒక వరుస రాయండి, ప్రింట్లన్నీ ఒక ఫైల్‌లో దాచండి. పోయినసారి కొలతా ఈసారి కొలతా పక్కపక్కన పెడితే బండి ఎటు వాలుతోందో తెలుస్తుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికి బయలుదేరే ముందు ఒక్క నిమిషం ఆగి, మీ టైర్ల లోపలి అంచు వంగి చూడండి. ప్రభువు మీ రాకపోకలను కాపాడును గాక. ఆమేన్.