పన్నెండో అమ్మాయి

2022 మార్చి 27, ఆదివారం. సంఘం సమావేశం ముగించుకుని గాంధీనగర్‌లో టీ తాగుదామని ఆగాను. కొట్టు దగ్గర ఏడెనిమిది మంది మగవాళ్ళు ఒకే సెల్‌ఫోన్ మీదికి వంగి ఉన్నారు. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో మన అమ్మాయిల జట్టు దక్షిణాఫ్రికాతో ప్రపంచకప్ మ్యాచ్ ఆడుతోంది. గెలిస్తే సెమీఫైనల్, ఓడితే ఇంటికి. చివరి ఓవర్. దీప్తి శర్మ వేసిన బంతిని డుప్రీజ్ గాల్లోకి కొట్టింది, హర్మన్‌ప్రీత్ పట్టేసింది. కేకలు, ఈలలు. అంతలోనే నోబాల్ అన్నారు. దీప్తి ముందు కాలు గీత దాటిందట. ఇంకాసేపట్లో ఆట మన చేయి జారిపోయింది.

వాదన అప్పుడు మొదలైంది. "అంపైర్లు అమ్ముడుపోయారు" అన్నాడొకాయన. "అంపైరేం చేస్తాడు, గీత వెనక కాలు పెట్టడం రానివాళ్ళని ఆడిస్తే!" అన్నాడింకొకాయన. "మన మేఘనని కూచోబెట్టారు, ఆ అమ్మాయి ఉంటేనా!" అని మూడో ఆయన. కాసేపటికి మాట ఆట మీంచి జారి ఆడవాళ్ళ మీదికి వచ్చింది. "ఆడాళ్ళు ఒత్తిడి తట్టుకోలేరండీ, అంతే" అని ఒక పెద్దమనిషి తేల్చేశాడు. ఇక ఊరుకోలేక నేనూ నోరు విప్పాను. "ఏమ్మా, మీరూ క్రికెట్ చూస్తారా?" అని ఆశ్చర్యపోయారు.

చూస్తాను. 1997 డిసెంబరులో మన విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలోనే మహిళల ప్రపంచకప్ మ్యాచ్ ఒకటి జరిగింది. పాకిస్తాన్ మీద ఇంగ్లండ్ అమ్మాయిలు రెండే వికెట్లు పోగొట్టుకుని 376 పరుగులు చేశారు. అప్పుడు నేను కాలేజీలో చదువుతున్నాను. ఇంట్లో చెప్పకుండా వెళ్ళి చూశాను. ఒక ఆడపిల్ల ఒళ్ళంతా విరుచుకుని బంతిని బాదితే ఎవరూ "సరిగా నిలబడు" అని కసరకపోవడం నేను మొదటిసారి చూసింది అక్కడే.

మన పత్రికలో క్రికెట్ గొడవ ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. కోట్ల వ్యాపారంగా మారిన ఆట మీద నాకూ మోజు లేదు. కానీ ఆ టీ కొట్టు దగ్గర వాళ్ళు వాదించుకున్నవి రెండే విషయాలు. పక్కన కూర్చోబెట్టిన మనిషికి ఏం హక్కుంది? తీర్పు ఎవరు చెప్పాలి, దాన్ని ఎవరు ప్రశ్నించాలి? ఈ రెండూ పొలంలో, ఇంట్లో, ఆఫీసులో మనం రోజూ ఎదుర్కొనే ప్రశ్నలే. అయితే వాళ్ళు అడగవలసిన తీరులో అడగలేదు. మనమైతే అసలు అడగనే లేదు.

ముందు మేఘన సంగతి. కృష్ణా జిల్లా అమ్మాయి సబ్బినేని మేఘన 2016లో భారత జట్టుకు ఆడింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు జట్టు బయటే ఉంది. 2022 ప్రపంచకప్‌కు 15 మందిని ప్రకటించినప్పుడు ఆమె పేరు అందులో లేదు. ఏక్తా బిష్త్, సిమ్రన్ బహదూర్‌లతో పాటు ముగ్గురు స్టాండ్‌బైలలో ఒకరుగా పెట్టారు. ప్రపంచకప్‌కు ముందు న్యూజిలాండ్‌తో జరిగిన సిరీస్‌లో, ఫిబ్రవరిలో, ఓపెనర్ స్మృతి మంధాన క్వారంటైన్‌లో ఉండిపోవడంతో మేఘనకు అవకాశం వచ్చింది. రెండో వన్డేలో 49, మూడో వన్డేలో 61 పరుగులు చేసింది. స్మృతి వచ్చాక మళ్ళీ పక్కకు జరిగింది.

మన ఊరి పిల్ల అన్న అభిమానంతో నేను అబద్ధం చెప్పలేను. క్రైస్ట్‌చర్చ్‌లో ఆమె ఉంటే గెలిచేవాళ్ళమన్న మాట నిలవదు. ఆ రోజు ఓపెనర్లు ఇద్దరూ బాగానే ఆడారు. స్మృతి 71, షఫాలి 53 చేశారు. ఓడింది బ్యాటింగ్ వల్ల కాదు. పదకొండు మందే ఆడే ఆటలో ఎవరో ఒకరు బయట కూర్చోక తప్పదు. దాన్ని అన్యాయం అనలేం. నా ప్రశ్న వేరు. ఆ కూర్చోవడానికి షరతులేమిటి? సాధన అందరితో సమానమే. ఇంటికి దూరంగా ఉండటం సమానమే. కోవిడ్ రోజుల్లో గదిలో బందీగా ఉండటమూ సమానమే. పిలుపు వస్తే మర్నాడే సిద్ధంగా ఉండాలి. పిలుపు రాకపోతే మాత్రం ఆ శ్రమ ఎవరి లెక్కలోకీ రాదు.

డెల్టాలో పనిచేసే మనకు ఇది కొత్త కాదు. నాట్ల రోజుల్లో ముఠాలో ఒక మనిషికి జ్వరమొస్తే ఇంకో మనిషికి కబురొస్తుంది. ఆమె పొద్దున్నే వంట చేసుకుని, క్యారేజీ కట్టుకుని ఎదురుచూసిన రోజులకు కూలి లేదు. పిలిచిన రోజుకే కూలి. ఎదురుచూడటం కూడా పనే అని మనం చెబుతున్నాం. ఆ మాట ఆటస్థలానికీ వర్తిస్తుంది.

నా సంగతి కూడా ఒకటి చెప్పాలి. హైస్కూల్లో నేను ఖోఖో జట్టులో ఉండేదాన్ని. జట్టుకు పన్నెండు మంది, మైదానంలోకి దిగేది తొమ్మిది మంది. నేను పన్నెండోదాన్ని. అందరూ "ఎక్స్‌ట్రా" అనేవారు. పోటీలకు వెళ్ళినప్పుడు నీళ్ళ బిందె నేనే మోశాను, అందరి సంచులకూ నేనే కాపలా. మోకాళ్ళు కొట్టుకుపోయేలా వాళ్ళతో పాటే సాధన చేశాను. జట్టు గెలిచింది. సర్టిఫికెట్లు మాత్రం తొమ్మిదే వచ్చాయి. "నువ్వు ఆడలేదుగా" అన్నారు మాస్టారు. మా అమ్మకి చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. "అయితే అన్ని రోజులు ఎక్కడికెళ్ళావే?" అంది అమ్మ. ఆ ప్రశ్నకి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

2025 నవంబరు 2న నవీ ముంబయిలో మన అమ్మాయిలు అదే దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి ప్రపంచకప్ గెలిచినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. ఓపెనర్ ప్రతీకా రావల్ ఆ టోర్నమెంటులో 308 పరుగులు చేసింది. సెమీఫైనల్‌కు ముందు, బంగ్లాదేశ్‌తో మ్యాచ్‌లో కాలికి దెబ్బ తగిలింది. ఆమె స్థానంలో షఫాలి వర్మను తీసుకున్నారు. షఫాలి అంతకుముందు ప్రకటించిన రిజర్వు జాబితాలో కూడా లేదు. వచ్చి ఫైనల్‌లో 87 పరుగులు చేసి, రెండు వికెట్లు తీసింది. సంతోషమే. కానీ పతకాలు చివరి జాబితాలోని 15 మందికే అన్నది నిబంధన. గెలిచిన రాత్రి ప్రతీక చక్రాల కుర్చీలో వేదిక మీదికి వచ్చింది, ఆమె పేరిట పతకం లేదు. దేశమంతా గోల చేశాక ఆమెకూ పతకం అందింది. అంటే అడిగితే మారుతుందన్నమాట. కాకపోతే ఒక మనిషికి దయగా ఇచ్చారు. కావలసింది దయ కాదు, రాతలో ఉన్న నిబంధన మార్చడం.

డబ్బు లెక్కా చూద్దాం. 2022 అక్టోబరులో బీసీసీఐ ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఒకే మ్యాచ్ ఫీజు ప్రకటించింది. టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6 లక్షలు, టీ20కి 3 లక్షలు. మంచి అడుగే. కానీ 2024–25 వార్షిక ఒప్పందాల్లో మగవాళ్ళ పై శ్రేణికి 7 కోట్లు, ఆడవాళ్ళ పై శ్రేణికి 50 లక్షలు. దేశవాళీ సీనియర్ మహిళల వన్డే మ్యాచ్‌లలో 2025 డిసెంబరు దాకా ఆడినవారికి రోజుకు 20,000, రిజర్వులకు 10,000 ఇచ్చేవారు. ఇప్పుడది 50,000, 25,000 అయింది. బెంచి మీద కూర్చున్న అమ్మాయి శ్రమకు సగం విలువైనా ఉందని ఒప్పుకున్నారు. ఇది చిన్న విషయమేమీ కాదు. ఆ ముందు ఏళ్ళలో ఎంతమంది అమ్మాయిలు బస్సు ఖర్చులకే భయపడి ఆట మానేశారో ఎవరూ లెక్క రాయలేదు.

ఇక తీర్పుల సంగతి. క్రైస్ట్‌చర్చ్ నోబాల్ సరైన తీర్పే. ముందు కాలు నేలను తాకేటప్పుడు దాని ఏ కొంచెమైనా గీత వెనక ఉండాలి. లేదు. నియమం ఎవరికైనా ఒకటే. అది ఒక బౌలరు పొరపాటు, స్త్రీ జాతి బలహీనత కాదు. మగ బౌలరు నోబాల్ వేస్తే "మగాళ్ళు ఒత్తిడి తట్టుకోలేరు" అని ఎవరైనా అన్నారా?

2023 జూలైలో ఢాకాలో జరిగింది వేరే రకం. తనను ఔట్‌గా ప్రకటించినప్పుడు హర్మన్‌ప్రీత్ బ్యాటుతో వికెట్లను కొట్టింది, అంపైరింగ్‌ను బహిరంగంగా తిట్టింది. రెండు మ్యాచ్‌ల నిషేధం, 75 శాతం ఫీజు కోత పడ్డాయి. ఆమె చేసింది తప్పే, శిక్ష సబబే. "ఆడపిల్లకి అంత కోపమా" అని నెలరోజులు చర్చించారు. ఆ సిరీస్‌లో తీర్పును సమీక్షించే సాంకేతిక సదుపాయమే లేదన్న సంగతి మాత్రం చాలామంది పట్టించుకోలేదు. అప్పీలు చేసుకునే దారి లేకుండా చేసి, కోపం వచ్చిందని శిక్షించడం మన పంచాయతీల్లో, ఆఫీసుల్లో చూస్తున్నదే. కోపాన్ని మందలిద్దాం. దారి ఎందుకు లేదని కూడా అడుగుదాం.

తీర్పు చెప్పే కుర్చీలో మనవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. రాజమండ్రిలో పుట్టిన జి.ఎస్.లక్ష్మి ఆంధ్రకు, రైల్వేస్‌కు ఆడారు. 1999లో ఇంగ్లండ్ వెళ్ళిన భారత జట్టులో ఉన్నారు, కానీ తుది జట్టులో చోటు దొరకలేదు. ఆమె కూడా మన పన్నెండో అమ్మాయే. 2019 మేలో అంతర్జాతీయ క్రికెట్ మండలి ఆమెను తన రిఫరీల ప్యానెల్‌లోకి తీసుకుంది. ఆ ప్యానెల్‌లో ఆమే తొలి మహిళ. అదే ఏడాది డిసెంబరులో మగవాళ్ళ వన్డేకు రిఫరీగా నిలిచిన తొలి మహిళా ఆమే. ఔటా కాదా అని చెప్పడం రిఫరీ పని కాదు, అది అంపైర్లది. ఆట నియమావళిని, ఆటగాళ్ళ ప్రవర్తనను చూసి శిక్ష వేయడం రిఫరీ పని. 2025 ప్రపంచకప్‌లో 14 మంది అంపైర్లూ, నలుగురు రిఫరీలూ అందరూ స్త్రీలే. ఆ నలుగురిలో లక్ష్మి ఒకరు. స్త్రీలు కాబట్టి తప్పులు చేయరని నేను అనను. తప్పు చేస్తే ఆ తీర్పును విమర్శిద్దాం, ఆమె ఆడతనాన్ని కాదు.

మన సంఘాలు ఇందులో ఏం చేయగలవు? చేయగలిగింది మన ఊళ్ళోనే చాలా ఉంది. ఆడపిల్లల జట్ల ఎంపిక ఎవరు చేస్తున్నారు, ఆ కమిటీలో స్త్రీలున్నారా అని అడగవచ్చు. ఎంపిక కాని పిల్లకు కారణం చెబుతున్నారా? మైదానం దగ్గర బట్టలు మార్చుకునే గది, మరుగుదొడ్డి ఉన్నాయా? రిజర్వు పిల్లలకు కూడా భత్యం, సర్టిఫికెట్ ఇస్తున్నారా? వేధింపు జరిగితే ఫిర్యాదు చేయడానికి కమిటీ ఉందా? పదో తరగతి అమ్మాయిలకు అంపైరింగ్ నేర్పే మాస్టారు ఎవరైనా ఉన్నారా? వీటికి పెద్ద నిధులు అక్కర్లేదు. ఎవరో ఒకరు వెళ్ళి అడగాలి, అంతే.

క్రైస్ట్‌చర్చ్‌లో కాలు గీత దాటించిన దీప్తి శర్మే 2025 ఫైనల్‌లో 58 పరుగులు చేసి, ఐదు వికెట్లు తీసింది. మర్నాడు అదే టీ కొట్టుకు వెళ్ళాను. "దీప్తి పులండీ!" అంటున్నారు. ఎవరికీ పాత మాట గుర్తులేదు. నేనూ గుర్తుచేయలేదు. టీ తాగుతూ ఒక్కటే అడిగాను: "ఈ జట్టులో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా కూర్చున్నవాళ్ళ పేర్లు చెప్పండి చూద్దాం." ఎవరూ చెప్పలేదు. ఒక కుర్రాడు ఫోన్ తీసి వెతకడం మొదలుపెట్టాడు.

మీ ఊరి బడి జట్టు ఈసారి పోటీలకు వెళ్ళేటప్పుడు మీరూ ఒకసారి వెళ్ళి ఆ కాగితం అడిగి చూడండి. అందులో పన్నెండు పేర్లూ ఉన్నాయో లేదో లెక్కపెట్టండి.