గాలికీ అద్దేనా?

మా వీధి చివర ఒక పెద్దాయన వున్నారు. ఆయన బీరువాలో పాత రేడియో లైసెన్సు పుస్తకం ఇప్పటికీ భద్రంగా వున్నది. ఏటా పోస్టాఫీసుకి వెళ్ళి, డబ్బు కట్టి, ముద్ర వేయించుకుని వచ్చిన రోజులవి. మొన్న మనవరాలు ఆ పుస్తకం తిరగేసి, "గాలిలో వచ్చే పాటకి డబ్బెందుకు కట్టావు తాతయ్యా?" అని అడిగింది. ఆయన నావైపు చూపించి, "వారం వారం పత్రికలో రాస్తారుగా, ఆయన్నడుగు" అని తప్పుకున్నారు.

ఆ పిల్లకి చెప్పిందే మీకూ చెబుతాను.

ఇంట్లో రేడియోకి లైసెన్సు మన దేశంలో 1980ల్లోనే పోయింది. ఓడలోనూ, విమానంలోనూ వున్న రేడియోకి మాత్రం పోలేదు. ఎందుకంటే మనం వినేవాళ్ళం, వాళ్ళు మాట్లాడేవాళ్ళు. ఎంతమంది విన్నా ఎవరికీ అడ్డు లేదు. ఒకే తరంగం మీద ఇద్దరు ఒక్కసారి మాట్లాడారో, ఎవరి మాటా ఎవరికీ అందదు.

1912 ఏప్రిల్ 14 రాత్రి ఏం జరిగిందో చూడండి. టైటానిక్ ఓడలో రేడియో ఆపరేటరు జాక్ ఫిలిప్స్, ప్రయాణికులు డబ్బిచ్చి పంపుకునే కబుర్లను కేప్ రేస్ స్టేషనుకి అందించే హడావుడిలో వున్నాడు. దగ్గరలోని కాలిఫోర్నియన్ అనే ఓడ, తమ చుట్టూ మంచు పేరుకున్నదని చెప్పబోయింది. పనిలో వున్నాను, నోరు మూసుకోమని ఫిలిప్స్ కసిరాడు. ఆ ఓడలో వున్న ఆపరేటరు ఒక్కడే. అతను కాసేపటికి యంత్రం కట్టేసి పడుకున్నాడు. మరికొద్ది నిమిషాలకే టైటానిక్ మంచుకొండని కొట్టుకున్నది. దాని ఆర్తనాదం దగ్గరి ఓడకి వినిపించలేదు. ఎంతో దూరాన వున్న కార్పేథియా ఆపరేటరు ఇంకా నిద్రపోలేదు కనుక అతను విన్నాడు. అయినా సుమారు 1,500 మంది పోయారు.

ఓడల మీద ఇరవైనాలుగు గంటలూ ఎవరో ఒకరు చెవొగ్గి వుండాలన్న కట్టుబాటు 1914లో లండనులో రాసుకున్నది ఆ దుఃఖంలోంచే. ఇవాళ ఓడలకి 156.8 మెగాహెర్ట్జ్, విమానాలకి 121.5 మెగాహెర్ట్జ్ ఆపదలో పిలవడానికని కేటాయించి వుంచారు.

మరి డబ్బు సంగతి? లైసెన్సు రాసి, లెక్క చూసి, ఒకరి గొంతు మీద ఇంకొకరు పడకుండా కాపలా కాసినందుకు తీసుకునేది ఒక రకం. దానికెవరూ గునియరు. రెండో రకం, కరువుగా వున్న తరంగానికి అద్దె. మన దేశంలో 2022లో 5జీ కోసం వేలం వేస్తే లక్షా యాభై వేల కోట్ల రూపాయలు పలికింది. అంత విలువైనదాన్ని రేవులకీ, విమానాశ్రయాలకీ ఊరికే ఇవ్వడమేమిటని అడిగేవాళ్ళు పుట్టరా?

బ్రిటనులో పుట్టారు. ఊరికే వచ్చినదాన్ని ఎవరూ పొదుపుగా వాడరని, అద్దె పెడితే అక్కర్లేనిది వదులుకుంటారని అర్థశాస్త్రజ్ఞుడు మార్టిన్ కేవ్ 2002లో నివేదిక ఇచ్చాడు. 2008లో అక్కడి ఆఫ్‌కామ్ సంస్థ తీరం మీది స్టేషన్లకీ, విమానాశ్రయాలకీ, రాడార్లకీ ఈ అద్దె వేద్దామన్నది. చందాల మీద నడిచే రక్షకపడవల సంస్థ కూడా కట్టాలా అని ఊరంతా గోల పుట్టింది.

గోలలో న్యాయం లేకపోలేదు. హైదరాబాదులో బయలుదేరి లండనులో దిగే విమానం దారిలో వున్న దేశాలన్నిటితోనూ మాట్లాడాలి. ఏ తరంగం మీద మాట్లాడాలో అన్ని దేశాలూ కలిసి నిర్ణయించినవే. ధర పెరిగిందని పైలటు వేరే తరంగానికి మారిపోగలడా? రాడారుదీ అంతే. అది పెద్దగా కేక వేసి, చీమ చిటుక్కుమన్నంత ప్రతిధ్వని కోసం చెవొగ్గుతుంది. పక్కింట్లో చప్పుడైతే దాని పని సాగదు.

అలాగని పొదుపు వద్దనను. 1999లో ఐరోపాలో ఎత్తున ఎగిరే విమానాలకి 25 కిలోహెర్ట్జ్ గదిని మూడు గదులు చేశారు, ఒక్కొక్కటి 8.33. అది అద్దెకి భయపడి చేసింది కాదు, నలుగురూ కూర్చుని నిబంధన పెట్టుకుంటే జరిగింది.

ఇదంతా విని ఆ పిల్ల, "అయితే కట్టాలా, అక్కర్లేదా?" అని నిలదీసింది. నేను తడుముకుంటూ వుంటే పెద్దాయనే అందుకున్నారు.

"గోదావరి దాటించేవాడు కిరాయి పుచ్చుకుంటాడమ్మా. అది న్యాయమే. మునిగిపోయేవాడికి చెయ్యందించేటప్పుడు మాత్రం పుచ్చుకోడు."

నాకింతకంటే బాగా చెప్పడం చేతకాదు. మీరేమంటారు?