కాబోయే డాక్టర్ల మనసుకు ఆసరా కావాలి!

అనంతపురం వైద్య విద్యార్థులారా, అధ్యాపకులారా, తల్లిదండ్రులారా!

వానల్లేక వేరుశనగ ఎండిన ఏడు, అప్పుల బాధతో పురుగుమందు తాగిన రైతును అర్ధరాత్రి పెద్దాసుపత్రికి తెస్తారు. కడుపు కడిగేది, కనుపాపలు చూసుకుంటూ అట్రోపిన్ ఎక్కించేది ఇరవై మూడేళ్ల హౌస్‌సర్జన్. ప్రాణం దక్కకపోతే వరండాలో కూర్చున్న ఇల్లాలికి ఆ మాట ఆ పిల్లే చెప్పాల్సి రావచ్చు. తెల్లారితే మళ్లీ వార్డు. తన గుండెలోని బరువు ఆమె ఎవరితో చెప్పుకోవాలి?

ఈ బరువు ఆమె ఒక్కదానిదే కాదు. జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ 2024 నివేదిక ప్రకారం, సర్వేలో పాల్గొన్న ఎంబీబీఎస్ విద్యార్థుల్లో 27.8 శాతం మంది తమకు మానసిక సమస్య ఉందన్నారు. విశాఖలో నీట్ విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సిలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరు ఉండాలని ఆదేశించింది.

కౌన్సిలర్‌తో పాటు విశ్వాసమూ మనసుకు ఆసరాయే. గూగూడులో కుళ్లాయిస్వామికి హిందువులూ ముస్లింలూ కలిసి మొక్కే నేల మనది. కష్టంలో ప్రార్థన, ధ్యానం, మౌనం మనిషిని నిలబెడతాయని ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. కానీ నిద్ర లేకుండా డ్యూటీలు వేసి, ధ్యానం చేసుకోమంటే సరిపోదు. డిప్రెషన్ జబ్బు. దానికి వైద్యం చేయించాలి, మొక్కు ఒక్కటే చాలదు. ఆధ్యాత్మికత, చికిత్స రెండూ అందాలి. ఏదీ బలవంతం కాకూడదు.

అందుకే మన కోర్కెలు:

1. హాస్టల్లో ఏ మతం గుర్తూ లేని, నాస్తికులూ వచ్చి కూర్చోగల ఒక మౌనగది.

2. మార్కులతో, హాజరుతో సంబంధంలేని కౌన్సిలర్. విద్యార్థి చెప్పుకున్నది గోప్యంగా ఉంచాలి.

3. డ్యూటీలో రోగి చనిపోతే, ఆ డ్యూటీ ముగిశాక సీనియర్లు జూనియర్లతో కూర్చుని మాట్లాడటం.

4. టాస్క్‌ఫోర్స్ సిఫారసు చేసినట్టు వారానికో సెలవు, రోజుకు ఏడెనిమిది గంటల నిద్ర.

అమ్మలారా, నాన్నలారా! ఫోన్లో మార్కుల కన్నా ముందు, నిద్రపోయినావా, అన్నం తిన్నావా అని అడగండి. అధ్యాపకులారా! సాయం అడిగిన పిల్లల్ని బలహీనులనకండి. విద్యార్థులారా! బతుకు భారమనిపిస్తే ఒంటరిగా మోయకండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయండి.

ఈ నాలుగు కోర్కెల వినతిపత్రంపై సంతకం పెట్టండి. అందరం కలిసి వెళ్లి ప్రిన్సిపాల్ గారికి అందజేద్దాం. రేపు మన ప్రాణాలు కాపాడాల్సిన పిల్లల్ని ఈరోజు కాపాడుకోవడం మన బాధ్యత.