ఎన్ని కిలోలని అడిగే ముందు

క్యాంపులో ఎవరికైనా బిడ్డ పుట్టిందని ఫోనొస్తే మేమంతా అడిగే మొదటి మాట ఆడా, మగా అని. రెండోది ఎన్ని కిలోలని. నాలుగు కిలోలంటే ఇక చప్పట్లే. నిరుడు దోహాలో మా రూములోని ఒక తమ్ముడికి 4 కిలోల 200 గ్రాముల బాబు పుట్టాడంటే స్వీట్లు పంచుకున్నాం. మర్నాడు తెలిసింది, షుగర్ పడిపోయి బాబును అద్దాల పెట్టెలో పెట్టారని.

తల్లి రక్తంలో చక్కెర పెరిగితే అది బిడ్డకూ చేరుతుంది. దాన్ని తట్టుకోవడానికి బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువ తయారై, కొవ్వు పట్టి బరువెక్కుతుంది. బొడ్డు కోశాక తల్లి చక్కెర ఆగిపోతుంది, ఇన్సులిన్ మాత్రం మిగులుతుంది. అందుకే ఆ పడిపోవడం. కాన్పులో భుజాలు ఇరుక్కునే ప్రమాదం వేరే. మనం మాత్రం బొద్దుగా ఉన్నాడని మురిసిపోతాం!

పరీక్ష కష్టమేం కాదు. 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటలాగి రక్తం చూస్తారు. పరగడుపున ఉండక్కర్లేదు. 140 వచ్చినా, దాటినా షుగర్ ఉన్నట్టే. మొదటిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఒకసారి, 24-28 వారాల మధ్య ఇంకోసారి చేయాలని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మొదటిది బాగుందని రెండోది వదిలేస్తారు మనవాళ్లు. తమ్ముడింట్లో జరిగిందదే.

ఇప్పుడు తల్లి రక్తంలోని కొవ్వులు, కొన్ని ప్రొటీన్లు చూసి తొలి నెలల్లోనే బిడ్డ బరువు అంచనా కట్టాలని పరిశోధనలు చేస్తున్నారు. మంచిదే. కానీ అది సైటులో మేము ఏడో రోజు క్యూబు పగలగొట్టి చూడటం లాంటిది. 28 రోజులకు కాంక్రీటు ఎలా ఉంటుందో సూచన ఇస్తుంది, అంతే. దాన్నొక్కటే పట్టుకుని స్లాబు కూల్చం కదా.

ఈ మాట ఎందుకంటే, బిడ్డ పెద్దగా ఉంది, ఆపరేషన్ చేసేద్దాం అనగానే ఇక్కణ్నుంచి అప్పుచేసి పంపేది మనమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు ఆపరేషన్లే. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘమేమో తల్లికి షుగర్ ఉంటే నాలుగున్నర కిలోలు, లేకపోతే ఐదు కిలోల అంచనా ఉన్నప్పుడే బరువు కారణంగా ముందస్తు ఆపరేషన్ ఆలోచించమంటుంది. స్కానింగ్‌లో చెప్పే బరువూ అటూ ఇటూ అవుతుంటుంది. ఆపరేషన్ వద్దని మేమనం. ఎందుకని ఫోన్లోనైనా అడగాలంటున్నాం.

తమ్ముడి బాబు ఇప్పుడు బాగానే ఉన్నాడు. కాన్పయిన ఆరు వారాలకు తల్లికి మళ్లీ అదే పరీక్ష చేయాలన్నారు. ఆ రోజు తమ్ముడు భోజనాల వేళ సైటు నుంచే ఫోన్ చేశాడు, ఎంతొచ్చిందని.