రసీదు మీద బాబాయి పేరు

పోయిన నెల ఒక శనివారం పొద్దున్నే నాన్న ఫోన్. "ఇంటి పన్ను ఫోన్లోనే కట్టేయొచ్చంట కదరా. ఎప్పుడూ మీ బాబాయే కడుతున్నాడు, ఈసారి మనం కట్టేద్దాం" అన్నారు.

రెండు నిమిషాల పని అనుకున్నా. ఆఫీసులో రోజంతా డేటాబేస్‌లతో కుస్తీ పట్టేవాడికి ఇంటి పన్ను ఓ లెక్కా? ఆ రెండు నిమిషాల పని మా ఇంట్లో రెండు వారాల రచ్చ అయింది.

మా ఊరు ముదినేపల్లి మండలంలో ఉంది. గుడివాడ నుంచి కైకలూరు వెళ్లే రోడ్డు దిగి, చేపల చెరువుల గట్ల వెంట కాస్త లోపలికి పోవాలి. స్వర్ణ పంచాయతీ పోర్టల్ తెరిచి అలవాటు కొద్దీ కృష్ణా జిల్లా నొక్కా. మండలాల లిస్టు రెండుసార్లు పైనుంచి కిందకి చూశా, ముదినేపల్లి లేదు. అప్పుడు గుర్తొచ్చింది, 2022 ఏప్రిల్ 4 నుంచి మేం ఏలూరు జిల్లా వాళ్లం. కైకలూరు, మండవల్లి, కలిదిండి వైపు వాళ్లకీ ఇదే కథ. కొత్త రికార్డు వెతకాలంటే ఏలూరు, పాత దస్తావేజు చదవాలంటే కృష్ణా. నా పదో తరగతి సర్టిఫికెట్‌కి మాత్రం ఈ సంగతి ఇంకా తెలీదు.

సరే, మా ఇల్లు దొరికింది. యజమాని పేరు చూస్తే తాతయ్యది కాదు. బాబాయిది.

ఇక్కడే నేను తెలివితక్కువ పని చేశా. ఏమీ ఆలోచించకుండా స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టేశా. అరగంట ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత నాన్న ఒక్క లైన్ రాశారు: "అంటే ఇల్లు నీ పేరు మీదకి మార్పించుకున్నావన్నమాట." రాత్రికి బాబాయి గ్రూపులోంచి వెళ్లిపోయాడు.

తాతయ్య 2013లో పోయారు. వీలునామా రాయలేదు. ఆ ఇంట్లో బాబాయి కుటుంబం, మామ్మ ఉంటారు. నాన్న ఉద్యోగం కోసం ఎప్పుడో విజయవాడ వచ్చేశారు. ఇన్నేళ్లలో ఆ ఇల్లు ఎవరిది అన్న మాట ఎవరూ పైకి అనలేదు. నా స్క్రీన్‌షాట్ అనేసింది.

గొడవ పెట్టింది నేనే కాబట్టి తేల్చాల్సిందీ నేనే. ముందు ఫోన్లోనే వెతికా. మీభూమిలో మా ఇంటి కాగితం ఏమైనా ఉంటుందేమో అని చూస్తే, మా వీధి మొత్తం కలిపి ఒకే సర్వే నంబర్, ఎదురుగా 'గ్రామకంఠం' అని ఉంది. మన పేర్లేవీ లేవు. ఈ మాట మీరూ వినే ఉంటారు. పాత సర్వే చేసిన రోజుల్లో పొలాలకి ఒక్కోదానికి ఒక్కో నంబర్ ఇచ్చి శిస్తు లెక్కగట్టారు. జనం ఇళ్లు కట్టుకుని ఉంటున్న చోటుకి శిస్తు లేదు కాబట్టి మొత్తాన్నీ ఒక ముద్దగా గ్రామకంఠం అని రాసి వదిలేశారు. అందుకే ఊళ్లో ఎకరం పొలం ఉన్నవాడికి పట్టాదారు పాసుపుస్తకం ఉంటుంది గానీ, తరాలుగా ఉంటున్న ఇంటికి చాలామంది దగ్గర ఏ కాగితమూ ఉండదు.

తర్వాత ఈసీ తీశా. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి దొరుకుతాయి. మా ఇంటి మీద లావాదేవీలు ఏమీ లేవని వచ్చింది. నాన్నకి అది చూపించి "చూశారా, బాబాయి ఏమీ రాయించుకోలేదు" అన్నా. "మరి పేరెలా మారింది?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. ఈసీలో రిజిస్టర్ అయిన లావాదేవీలే కనపడతాయి. పంచాయతీ పుస్తకంలో పేరు మారడం అందులో ఎక్కడా రాదు. రెండూ వేర్వేరు ఆఫీసులు, వేర్వేరు రికార్డులు. మా భాషలో చెప్పాలంటే ఒకే ఇంటి గురించి మూడు టేబుల్స్ ఉన్నాయి, వాటిని కలిపే కీ మాత్రం లేదు.

ఇక లాభం లేదని ఊరెళ్లి సోమవారం గ్రామ సచివాలయానికి పోయా. పంచాయతీ కార్యదర్శి గారు ఓపిగ్గా డిమాండ్ రిజిస్టర్ తీసి చూపించారు. ఎవరు ఎంత కట్టాలి, ఎంత కట్టారు, ఎంత బాకీ అన్నది అందులో ఉంటుంది. మా ఇంటి అసెస్‌మెంట్ నంబర్ అప్పుడూ ఇప్పుడూ ఒకటే, డోర్ నంబర్ మాత్రం మధ్యలో మారింది. ఆ కొత్త డోర్ నంబర్లు వేసినప్పుడే పేరు కూడా మారింది. వెతికేటప్పుడు అసెస్‌మెంట్ నంబర్ పట్టుకోండి, తలనొప్పి తగ్గుతుంది.

ఆయన చెప్పిన అసలు సంగతి ఇంకోటి. "బాబూ, ఇది ఎవరి దగ్గర పన్ను వసూలు చెయ్యాలో మాకు తెలియడానికి రాసుకున్న పుస్తకం. ఇల్లు ఎవరిదో తేల్చేది కాదు." తర్వాత నేనూ చదువుకున్నా. పొలాల మ్యుటేషన్ గురించి సుప్రీంకోర్టు 1996లోనే సావర్ణి వర్సెస్ ఇందర్ కౌర్ కేసులో చెప్పింది, రికార్డులో పేరు ఎక్కినంత మాత్రాన హక్కు రాదు, ఉన్న హక్కు పోదు అని. ఇంటి పన్ను రసీదుదీ అదే దారి. అలాగని పనికిరాని కాగితమనీ కాదు. గ్రామకంఠంలో ఇంటికి ఏ దస్తావేజూ లేనప్పుడు, ఇన్నేళ్లుగా ఇక్కడ ఉంటున్నాం అని చూపించడానికి చేతిలో ఉండేవి ఆ రసీదులే.

రసీదులో వరుసలు కూడా అప్పుడే సరిగ్గా చూశా. ఇంటి పన్ను, కుళాయి, దాని కింద గ్రంథాలయ పన్ను. రూపాయికి ఎనిమిది పైసలు, 1960 నాటి చట్టం ప్రకారం. అది జిల్లా గ్రంథాలయ సంస్థకి వెళ్తుంది. మా ఊళ్లో లైబ్రరీ లేదు. తాతయ్య కాలం నుంచీ మాత్రం కడుతూనే ఉన్నాం.

సాయంత్రం బాబాయి ఇంటికెళ్లా. నన్ను చూసి ఏమీ అనకుండా లోపలికెళ్లి ఒక ప్లాస్టిక్ కవర్ తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. 2013 నుంచి ఒక్క ఏడాది తప్పకుండా రసీదులు. "నంబర్లు వేసేవాళ్లొచ్చి ఇంట్లో ఎవరుంటున్నారు, పేరు చెప్పండి అన్నారు. చెప్పా. మీ నాన్నని పన్ను డబ్బులు ఏనాడైనా అడిగానా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. స్క్రీన్‌షాట్ పెట్టింది నేను.

అరుగు మీద కూర్చుని అంతా వింటున్న మామ్మ అప్పుడంది: "మీ నాన్న పేరంటావు, వాడి పేరంటాడు. మరి అమ్మాయి పేరేదిరా?"

అత్త తాడేపల్లిగూడెంలో ఉంటుంది. నిజం చెప్తున్నా, ఈ రెండు వారాల్లో మాలో ఎవరికీ అత్త గుర్తు రాలేదు. ఆ వాట్సాప్ గ్రూపులో కూడా లేదు. తాతయ్య సొంతంగా కట్టించుకున్న ఇల్లు, వీలునామా లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మామ్మ, నాన్న, బాబాయి, అత్త, నలుగురికీ సమాన వాటాలు. రిజిస్టర్‌లో ఒక పేరు, చట్టంలో నాలుగు.

ఇప్పుడు చెయ్యాల్సిన పని తెలిసింది. ముందు తహసీల్దార్ ఆఫీసులో కుటుంబ సభ్యుల సర్టిఫికెట్. నలుగురూ ఒక మాట మీదకొస్తే పంపకమో, వద్దనుకున్నవాళ్లు హక్కు విడుదలో రాసుకుని రిజిస్టర్ చేయించాలి. ఆ కాగితం పట్టుకెళ్తే పంచాయతీలో పేరు మార్చమని అడగొచ్చు. ఇంకో విషయం, 2020లో మొదలైన స్వామిత్వ పథకం కింద డ్రోన్లతో గ్రామకంఠాల్లో ఇళ్లు కూడా కొలుస్తున్నారు. మీ ఊళ్లో ఆ సర్వే జరిగేటప్పుడు ఎవరి పేరు రాశారో చూసుకోండి. ఇంట్లో ఉన్నవాళ్లు చెప్పిందే రాసుకునే అవకాశం ఎక్కువ, మా బాబాయి చెప్పినట్టు.

ఆ రాత్రి బాబాయి పక్కనే కూర్చుని ఫోన్లో పన్ను కట్టేశా. రసీదు ఆయన పేరు మీదే వచ్చింది. ప్రింట్ తీసి పంపమన్నాడు, కవర్లో పెట్టుకోవాలట. నాన్నకి విషయం చెప్తే "ఊఁ" అన్నారు, అంతే. వాళ్లిద్దరూ ఇంకా మాట్లాడుకోలేదు.

అత్తకి ఫోన్ చేస్తానంటే మామ్మ వద్దంది. ఇలాంటివి ఫోన్లో అడిగేవి కావంట. సంక్రాంతికి వస్తుందిగా, భోజనాలయ్యాక తనే అడుగుతానంది.