పెరటి తోట: నీడలో నన్నారి



"మా దొడ్డి నిండా వేపచెట్టు నీడే. వంగ కాయదు, బెండ కాయదు. ఏమి పెట్టుకొనేది?" అని ఆత్మకూరు ప్రక్క పల్లె నుండి ఒక సోదరి అడిగారు. ఆ మాట వినగానే నాకు మా అత్తగారు జ్ఞాపకం వచ్చారు.

మాది ఉదయగిరి ప్రాంతం. ఆమె మా దొడ్డిలో కానుగచెట్టు క్రింద రెండు నన్నారి మొక్కలు నాటారు. దీనినే మారేడు కొమ్ములు, బర్రె సుగంధి అని కూడ అంటారు. పూజకు వాడే మారేడు చెట్టు వేరు, ఇది వేరు. ఏడాది తిరిగేసరికి తీగె కొమ్మల మీదికి ప్రాకింది. క్రిస్మస్‌కు మా పుట్టింటివారు వస్తున్నారని, ఆమెతో చెప్పకుండా నేను ఒక మొక్కను మొదలంటా త్రవ్వాను. దొరికినవి చిటికెన వ్రేలంత వేళ్ళు. ఒక్క గ్లాసు షర్బతుకైనా చాలలేదు. మొక్కను మరల పాతిపెట్టాను గాని బ్రదకలేదు.

ఆమె కోప్పడలేదు. "పైన తీగె చూచి క్రింద గడ్డ ఊరిందనుకొన్నావా అమ్మాయీ" అని మాత్రం అన్నారు. మరుసటి వానలకు, డెబ్బై ఏళ్ళు దాటిన వయస్సులో, ఆ గుంటలోనే మరొక మొక్క నాటారు. మూడేళ్ళకు మేము దానిని త్రవ్వేనాటికి ఆమె లేరు. ఆ వేసవిలో పిల్లలు త్రాగిన షర్బతు ఆమె పెట్టిపోయినదే.

నేను దొడ్డిలో చేసిన తప్పే కొండల మీదా జరుగుతున్నది. దక్షిణ భారతదేశంలో తప్ప మరెక్కడా సహజంగా పెరగని మొక్క ఇది. ఎండు అడవులలో రాళ్ళ సందున పెరుగుతుంది. అమ్మకానికి వేళ్ళతో సహా పెకలించడం వలన నానాటికి తగ్గిపోయి, అంతరించే ప్రమాదమున్న మొక్కల పట్టికలో చేరింది. కాబట్టి అడవిలో త్రవ్వి తేవద్దు. ఔషధ మొక్కల నర్సరీలో అడిగి తెచ్చుకోండి.

నాటే విధానం: దట్టమైన చింత నీడ కంటె వేప, కానుగ క్రింద పలుచని నీడ మంచిది. గులక కలిసిన ఎర్రనేల దీనికి ఇష్టం. నీరు నిలిస్తే గడ్డ కుళ్ళుతుంది గనుక మట్టిని కొంచెం ఎత్తు చేసి నాటండి. మన జిల్లాకు ఈశాన్య ఋతుపవనాల వానలే ముఖ్యం, అందుచేత అక్టోబరు అనుకూలం. మాగిన పశువుల ఎరువు రెండు దోసిళ్ళు చాలు. కోళ్ళు కెలకకుండా చుట్టూ ముళ్ళకంప వేయండి. తీగె ప్రాకడానికి గుంజ పాతండి. ఎండాకాలంలో ఆకు రాలితే మొక్క చచ్చిందని పీకవద్దు.

రెండు మూడేళ్ళు నిండిన తరువాత, వానలు వెలిసి నేల ఆరినప్పుడు ఒక ప్రక్కనే త్రవ్వండి. సగం వేళ్ళు తీసికొని, మొదలు కదలకుండా మట్టి కప్పండి. వేళ్ళను కడిగి, చితకకొట్టి, నడిమి పుల్ల తీసివేసి, పై కండను రాత్రంతా నానబెట్టండి. ఆ నీటిని చక్కెరతో పాకం కాచి, చల్లారాక నిమ్మరసం కలపండి.

ఈ నీడలోనే పిల్లిపీచర, నేలతాడి కూడ పెరుగుతాయి. నేలతాడి ఎండలకు ఆకు వదలి, వానకు మరల లేస్తుంది. ఒక్క జాగ్రత్త: పేరు తెలియని గడ్డను నోట పెట్టవద్దు. నాగలి ఆకారంలో ఉండే అడవినాభి దుంప ప్రాణం తీస్తుంది. పిల్లలకు చూపించి చెప్పండి.

ఆ సోదరికి నా జవాబు ఇదే. అమ్మా, నీడ ఉన్నదని దిగులుపడవద్దు. ఈ అక్టోబరులో ఒక్క మొక్క పెట్టండి. పెట్టిన తేదీ గోడ మీద వ్రాసుకోండి. మూడేళ్ళ వరకు గడ్డపార దాని దగ్గరకు పోనీయకండి.