పేరు మారింది.. గూగుల్‌కు చెప్పారా?

1970లో ఒంగోలు జిల్లాగా పుట్టింది, 1972లో ప్రకాశం జిల్లా అయింది. పాత పేరు రాసినా దొనకొండ ఉత్తరాన్ని పోస్టుమ్యాన్ చేర్చేస్తాడు. గూగుల్ అలా కాదు.. దానికి చెప్పాలి!

జిల్లా వెబ్‌సైటు చిరునామా చివర ఒకప్పుడు 'నిక్ డాట్ ఇన్' ఉండేది. ఇప్పుడు 'ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్'. ఇలా డొమైన్ మారిస్తే గూగుల్‌కు అది కొత్త సైటే. పాతది మూసేస్తే, ఇతర సైట్ల లింకులతో వచ్చిన ర్యాంకూ పోతుంది.

మార్కాపురం పలకల వ్యాపారి సైటు పేరు మార్చాలంటే.. ప్రతి పాత పేజీనీ '301' దారిమళ్లింపుతో దాని కొత్త పేజీకి కలపాలి. సెర్చ్ కన్సోల్‌లో చిరునామా మార్పు తెలపాలి. కొన్ని వారాలు ర్యాంకు అటూఇటూ అవుతుంది, కంగారొద్దు. దారిమళ్లింపు కనీసం ఏడాది ఉంచమంటుంది గూగుల్. ఆ తర్వాతా పాత డొమైన్‌ను వదులుకోవద్దు. ఇంకెవరైనా కొంటే మీ పాత ఖాతాదారులు వాళ్ల గుమ్మం తొక్కుతారు!